పక్కన కూచున్నవాళ్ళ మాట

బిడ్డను ఈ లోకంలోకి తెచ్చే స్త్రీకి మన భాషలో ఒక పేరుంది. మంత్రసాని అంటాం. ఆ పని ఒప్పుకున్నాక ఏదొచ్చినా పట్టాల్సిందేనని ఆమె మీద ఒక సామెత కూడా ఉంది. మరి ఈ లోకం నుంచి వెళ్ళిపోయేవాళ్ళ పక్కన రాత్రుళ్ళు కూచుని, పెదాలు తడిపి, ఒళ్ళు తుడిచి, ఇంట్లోవాళ్ళకి ధైర్యం చెప్పి సాగనంపే స్త్రీని ఏమంటాం? ఆ పని జరగని ఇల్లు లేదు. దానికొక పేరు పెట్టాలని మాత్రం మనకి తోచలేదు.

ఇంగ్లీషులో 'డెత్ డౌలా' అనే పేరు కొంతకాలంగా వాడుకలో ఉంది. డౌలా అంటే ప్రాచీన గ్రీకులో బానిస స్త్రీ. 1973లో డానా రఫాయెల్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త తల్లిపాల గురించి రాసిన పుస్తకంలో, బాలింతకు తోడుండే స్త్రీని ఈ మాటతో పిలిచింది. 2003లో న్యూయార్క్‌లో హెన్రీ ఫెర్స్కో-వైస్ అనే హాస్పిస్ సోషల్ వర్కర్, ప్రసవ డౌలాలకిచ్చే శిక్షణను చూసి, మరణించేవాళ్ళకి కూడా అలాంటి తోడు ఎందుకుండకూడదని ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. ఇప్పుడు చాలా దేశాల్లో ఈ పనికి కోర్సులున్నాయి, సర్టిఫికెట్లున్నాయి, ఫీజులున్నాయి.

డెత్ డౌలా డాక్టరు కాదు, నర్సూ కాదు. మందులివ్వదు. పోతున్న మనిషిని ఏం కావాలని అడుగుతుంది. ఎక్కడ పోవాలనుకుంటున్నారు, ఎవరు పక్కనుండాలి, ఎవరు ఉండకూడదు, ఎవరితో ఏ మాట మిగిలిపోయింది, ఒంటి మీద ఏ బట్ట ఉండాలి... ఇవన్నీ విని, ఇంట్లోవాళ్ళకి చెప్పి, వాళ్ళు భయపడకుండా ముందు ముందు ఏం జరుగుతుందో వివరిస్తుంది. చివరి రోజుల్లో వంతులవారీగా కూచుంటుంది. పోయాక కొన్ని వారాలపాటు ఆ ఇంటికి వచ్చిపోతుంటుంది.

దీని గురించి చదువుతుంటే నాకు మా ఊరే గుర్తొచ్చింది. సిద్దిపేటకి దగ్గర్లో మా ఊళ్ళో, మా వాడకట్టుకు ఒక అవ్వ వచ్చేది. మంగలి కులస్తురాలు. వయసులో ఉన్నప్పుడు కాన్పులు చేసేది. కాన్పులన్నీ దవాఖానకు పోయాక ఆ పని పోయింది కానీ, ఎవరికన్నా మంచం పట్టి ఇక లేవరనిపిస్తే మాత్రం ఆమెను పిలిచేవాళ్ళు. ఆమె వచ్చి ముందు అరికాళ్ళు పట్టుకుని చూసేది, చల్లబడ్డాయా లేదా అని. శ్వాస లెక్క చూసేది. "ఇయ్యాల రాత్రి గాదు" అంటే ఇంట్లోవాళ్ళు కాస్త నిద్రపోయేవాళ్ళు. తినమని నోట్లో ముద్దలు కుక్కుతుంటే చెయ్యి పట్టుకుని ఆపేది. గొంతులో గరగర మొదలైతే పక్కకి ఒత్తిగిలబెట్టేది. దూరాన ఉన్న కొడుకు కోసం ప్రాణం కొట్టుకుంటుందనుకున్నప్పుడు చెవి దగ్గర వంగి "బస్సెక్కిండట, వస్తుండు" అని చెబుతూనే ఉండేది. స్పృహ లేని మనిషికి వినపడుతుందా అని చదువుకున్న మేం నవ్వుకునేవాళ్ళం. 2020లో కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయ పరిశోధకులు, హాస్పిస్‌లో చివరి గంటల్లో ఉన్న, ఉలుకూ పలుకూ లేని కొందరి మెదడు కూడా శబ్దాలకు స్పందిస్తోందని ఒక పరిశోధనా పత్రంలో రాశారు. అది చదివినప్పుడు ఆ అవ్వ గొంతు నా చెవిలో వినిపించింది.

ఇంత చేసినందుకు ఆమెకి దక్కేది ఇన్ని బియ్యం, ఒక పాత చీర. మామూలు రోజుల్లో అదే ఇంటికి వస్తే వాకిట్లోనే కూచోవాలి. చావు పనుల్లో మన ఊళ్ళన్నీ కులాల్ని పంచిపెట్టాయి. డప్పు ఒకరిది, దివిటీ ఒకరిది, క్షవరం ఒకరిది, బొంద తవ్వడం ఒకరిది. ఆ పని చేసినందుకు మైల అంటించింది కూడా వాళ్ళకే. అదే పనిని న్యూయార్క్‌లో నేర్చుకుని చేస్తే వృత్తి. మా అవ్వ చేస్తే వెట్టి. డెత్ డౌలా అనే మాట విన్న ప్రతిసారీ ఈ తేడా నన్ను గుచ్చుతుంది. రేపు మన నగరాల్లోకి ఇది ఖరీదైన సేవగా దిగినా, ఎవరి దగ్గర నేర్చుకున్నదో ఎవరూ చెప్పరు.

పీహెచ్‌డీ రోజుల్లో పాటల కోసం సిద్దిపేట, దుబ్బాక చుట్టుపక్కల ఊళ్ళు తిరిగాను. లాలిపాట పాడమంటే ఆడవాళ్ళు సిగ్గుపడుతూనే పాడేవాళ్ళు. నాట్ల పాటలు, బతుకమ్మ పాటలు సరేసరి. శోకం తియ్యమంటే మాత్రం ఎవరూ ఒప్పుకునేవాళ్ళు కాదు. చావు లేని ఇంట్లో శోకం తీస్తే కీడు. నిజంగా చావు జరిగిన ఇంట్లో రికార్డర్ బయటికి తీయడానికి నాకు చెయ్యి రాదు. అందుకని ఆ పాటలు నా థీసిస్‌లోకి రాలేదు. కానీ విన్నాను. పోయినవాళ్ళ మీద ప్రేమ ఒక్కటే ఉండదు వాటిల్లో. అత్త పెట్టిన ఆరళ్ళు, భాగం ఇవ్వని అన్నదమ్ములు, తాగి కొట్టిన మొగుడు, అన్నీ ఉంటాయి. పది మంది మగవాళ్ళ ముందు ఒక ఆడమనిషి గొంతెత్తి ఈ సంగతులు చెప్పుకోగలిగే సందర్భం మరొకటి లేదు. ఏడుపులో చెప్పింది కాబట్టి చెల్లుతుంది, ఎవరూ పట్టించుకోరు కూడా. మనిషి బతికుండగా మంచం పక్కన ఉన్న స్త్రీలకి ఆ పాటి మాట కూడా లేదని నాకు మా చిన్నమ్మ విషయంలో తెలిసింది.

మా చిన్నమ్మ 2023 జనవరిలో పోయింది. నలభై తొమ్మిదేళ్ళు. పదమూడో ఏటి నుంచీ బీడీలు చుట్టింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్. పట్నంలో ఒక పెద్ద ఆసుపత్రిలో కరెంటు పెట్టించుకుని, కీమో చేయించుకుని వచ్చాక ఏడాదిన్నరకి మళ్ళీ తిరగబెట్టింది. ఇక చేసేదేం లేదన్న సంగతి డాక్టరు మా చిన్నబాపునీ, వాళ్ళ పెద్దకొడుకునీ లోపలికి పిలిచి చెప్పాడు. చిన్నమ్మ బయట బెంచీ మీద ఉంది. ఆమె రిపోర్టులన్నీ ఉన్న ప్లాస్టిక్ సంచి ఆమె ఒళ్ళోనే ఉంది. 

ఇంటికొచ్చాక వసారాలో మగవాళ్ళు మాట్లాడుకున్నారు. ఇంకో ఆసుపత్రికి తీసుకుపోదామా, రోడ్డు పక్క ప్లాటు అమ్ముదామా, అప్పు ఎక్కడ దొరుకుతుంది. ఎవరిలోనూ చెడ్డతనం లేదు. చిన్నబాపు ఏడుస్తూనే మాట్లాడాడు. లోపల మంచం దగ్గర చిన్నమ్మ కోడలు, కూతురు ఉన్నారు. గుడ్డలు మార్చేది వాళ్ళు, రాత్రి లేచేది వాళ్ళు. ఎంత నొప్పి ఉందో, ఏం తింటే కక్కుకుంటుందో తెలిసింది వాళ్ళకి. వాళ్ళని ఎవరూ ఏమీ అడగలేదు. ఇక చిన్నమ్మను అడగడమనే ఆలోచనే ఆ ఇంట్లో లేదు. "దానికి చెప్పకుండ్రి, తట్టుకోలేదు" అన్నదే అందరి మాట.

ఆ జబ్బులో నొప్పి కన్నా ఎక్కువ చంపేది వాసన. కోడలు పొద్దున, సాయంత్రం సాంబ్రాణి వేసేది. చిన్నమ్మ సిగ్గుతో చుట్టాల్ని గుమ్మం దాటి రానిచ్చేది కాదు. సొంత అక్క, అంటే మా అమ్మ, వస్తే కూడా దుప్పటి గొంతుదాకా కప్పుకుని గోడ వైపు తిరిగేది.

తెలంగాణలో ప్రభుత్వం జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, ఇళ్ళకి వచ్చి చూసే బృందాలు పెట్టింది. మా ఊరి ఆశా కార్యకర్త చెబితే ఒక నర్సు బండిలో వచ్చింది. మొదటి రోజు జబ్బు గురించి ఒక్క మాట మాట్లాడలేదు. మంచం పక్కన కింద కూచుని, బీడీల కమీషన్‌దారు ఆకు ఎంత తూకం ఇస్తాడో అడిగి, చిన్నమ్మతో గంట సేపు ముచ్చట పెట్టింది. మెట్రోనిడజోల్ గోలీలు నూరి పొడి ఎలా వాడాలో కోడలికి చూపించింది. నాలుగు రోజుల్లో వాసన సగానికి సగం తగ్గింది. మా అమ్మ చెల్లెలి మంచం మీద కూచోగలిగింది. నొప్పికి డాక్టరు మార్ఫిన్ గోలీలు రాశాడు. నాలుగు గంటలకొకటి, దానితోపాటు మలబద్ధకం రాకుండా ఇంకో మందు. ఇంట్లో అందరూ భయపడ్డారు. మత్తుమందట, అలవాటవుతుందట, తొందరగా పోతుందట అని. సరైన మోతాదులో ఇస్తే అది ప్రాణం తీయదని, నొప్పినే తీస్తుందని నర్సు ఒక్కొక్కరికీ విడివిడిగా చెప్పింది. ఈ భయం మా ఇంట్లోవాళ్ళది మాత్రమే కాదు. 1985లో వచ్చిన మాదకద్రవ్యాల చట్టం వల్ల మార్ఫిన్ నిల్వ పెట్టాలంటే ఎన్నో లైసెన్సులు కావాల్సి వచ్చి, చాలా ఆసుపత్రులు దాన్ని వదిలేశాయి. 2014లో ఆ చట్టాన్ని సవరించాకే దారి కొంత సులువైంది. ఈ దేశంలో ఎంతమంది ఆడవాళ్ళు 'ఓర్చుకోవాలె' అనే మాట వింటూ పోయారో!

నర్సు మూడోసారి వచ్చినప్పుడు నేను అక్కడే ఉన్నాను. ఆమె చిన్నమ్మను అడిగింది: "నీకేమైందనుకుంటున్నవమ్మా?"

చిన్నమ్మ కాసేపు ఊరుకుని, "నాకు తెల్వదా బిడ్డా? ఇంట్లోళ్ళు బయపడ్తరని ఊకున్న" అంది.

గుమ్మంలో నిలబడ్డ కోడలు కొంగు నోట్లో కుక్కుకుంది. ఒకరి కోసం ఒకరు దాచుకుంటూ ఆ ఇంట్లో నాలుగు నెలలు గడిచాయి. ఆ తర్వాత నర్సు అడిగిన ప్రశ్నలన్నీ డౌలాలు అడిగేవే. ఏం కావాలి, ఏం వద్దు. చిన్నమ్మ చెబుతుంటే నన్ను రాయమంది. నేను నోటుబుక్కులో రాశాను. ప్లాటు అమ్మొద్దు, అది కూతురి పేరు మీద పెట్టాలి. మళ్ళా దవాఖానకు తోలొద్దు, ఇంట్లోనే పోతా. చెవుల కమ్మలు కోడలికి. "అది తీసినన్ని గుడ్డలు నా బిడ్డ గూడ తియ్యలె" అంది. చివర్న నోట్లో ఏదన్నా పోయాలంటే చాయ పోయమంది, కొద్దిగా చక్కెర ఎక్కువేసి. తులసి నీళ్ళు చేదుంటాయట! ఆ మాటకి ముందు నవ్వింది చిన్నమ్మే.

ఈ మాటల్ని వసారాలోకి తీసుకెళ్ళి వినిపించడమే అసలు కష్టం. నర్సు ఆ పనీ చేసింది. చిన్నబాపు లేచి వెళ్ళిపోయి రాత్రిదాకా రాలేదు. మర్నాడు వచ్చి మంచం పక్కన నిలబడ్డాడు. ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషికి పెళ్ళాం పక్కన ఎలా కూచోవాలో తెలియలేదు. నర్సు ఆయన చేతికి కొబ్బరినూనె సీసా ఇచ్చి, పాదాలకి ఎలా రాయాలో చూపించింది. పెద్దకొడుకుకి ఒంటికి పుండ్లు పడకుండా రెండు గంటలకొకసారి ఎలా ఒత్తిగిలబెట్టాలో నేర్పింది. రెండో వారానికి వాడు గుడ్డలు కూడా మార్చాడు. ఇది మగవాళ్ళకి చేతకాని పని అని మనం ఎందుకు అనుకుంటాం? ఎవరూ నేర్పలేదు, వాళ్ళూ అడగలేదు, అంతే. 2024 జాతీయ కాల వినియోగ సర్వే ప్రకారం 15 నుంచి 59 ఏళ్ళ వయసున్న స్త్రీలలో 41 శాతం మంది ఇంట్లోవాళ్ళని చూసుకునే పని చేస్తుంటే, పురుషుల్లో ఆ పని చేసేవాళ్ళు 21.4 శాతం. చేసేవాళ్ళలో కూడా స్త్రీలు రోజుకి 140 నిమిషాలు, పురుషులు 74. ఇందులో పిల్లల పని, పెద్దల పని, రోగుల పని అన్నీ కలిసే ఉన్నాయి. రాత్రి మూడింటికి నొప్పితో ఎవరో మూలిగితే ఎవరు లేచారో ఏ సర్వేకీ పూర్తిగా అందదు.

సాహిత్యంలో మరణం గురించి చదువుకున్నదంతా ఆ రోజుల్లో మళ్ళీ గుర్తుచేసుకున్నాను. టాల్‌స్టాయ్ 1886లో అచ్చువేసిన 'ఇవాన్ ఇల్యీచ్ మరణం'లో ఇంట్లోవాళ్ళంతా రోగికి ఏమీ కాలేదని నటిస్తుంటారు. నటించనివాడు గెరాసిమ్ అనే పల్లెటూరి పనివాడొక్కడే. మలం ఎత్తేది అతనే, నొప్పి తగ్గడానికి యజమాని కాళ్ళని తన భుజాల మీద పెట్టుకుని రాత్రంతా కూచునేదీ అతనే. ఆ నవల పాఠం చెప్పేటప్పుడు గెరాసిమ్ మంచితనం గురించి చెబుతాం. అతను పనివాడు కాబట్టి ఆ పని అతనికి పడిందన్నది చెప్పం. సిమోన్ ద బోవా తన తల్లి మరణం మీద 1964లో ఒక చిన్న పుస్తకం ప్రచురించింది, ఇంగ్లీషులో 'ఎ వెరీ ఈజీ డెత్' పేరుతో వచ్చింది. తల్లికి క్యాన్సరని చెప్పలేదు, పెరిటోనైటిస్ అన్నారు. స్త్రీ స్వేచ్ఛ గురించి ప్రపంచానికి చెప్పిన రచయిత్రి, సొంత తల్లి మంచం దగ్గర ఆ అబద్ధంలో భాగమై ఎంత నలిగిందో అందులో ఉంది. పారిస్‌లో అయినా సిద్దిపేటలో అయినా, పోయే మనిషికి తన చావు సంగతి తెలియనివ్వకపోవడాన్నే ప్రేమ అంటున్నాం.

అరుణా షాన్‌బాగ్ కేసులో ఒక విషయం మీద మనం తగినంతగా మాట్లాడుకోలేదు. ముంబై కె.ఇ.ఎం. ఆసుపత్రిలో నర్సుగా ఉన్న ఆమెపై 1973 నవంబరులో అత్యాచారం జరిగింది. అప్పట్నుంచి 2015 మే 18న పోయేదాకా తోటి నర్సులు, తర్వాత వచ్చిన తరాల నర్సులు ఆమెను చూసుకున్నారు. కారుణ్య మరణం కోరుతూ పాత్రికేయురాలు పింకీ విరానీ వేసిన పిటిషన్ మీద 2011 మార్చిలో సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, అరుణ తరఫున మాట్లాడే హక్కు ఏళ్ళ తరబడి ఆమెను చూసుకున్న ఆ ఆసుపత్రి సిబ్బందిదేనంది. ఆ తీర్పులో మిగతా అంశాల మీద ఎన్ని వాదనలైనా ఉండొచ్చు. చాకిరీ చేసినవాళ్ళ మాటకి విలువుందని దేశంలో అత్యున్నత న్యాయస్థానం ఒప్పుకోవడం మాత్రం నాకు పెద్ద విషయం. మన ఇళ్ళల్లో కోడళ్ళకి ఆ విలువ ఎప్పుడొస్తుంది?

2018 మార్చి 9న సుప్రీంకోర్టు గౌరవంగా మరణించే హక్కును గుర్తించి, ఎవరైనా తమకి ఎలాంటి చికిత్స వద్దో ముందే రాసిపెట్టుకోవచ్చని చెప్పింది. 2023 జనవరి 24న ఆ పద్ధతిని సులువు చేసింది. ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ దగ్గరో గెజిటెడ్ అధికారి దగ్గరో ధ్రువీకరించుకుంటే చాలు. తన తరఫున ఎవరు మాట్లాడాలో కూడా అందులో రాసుకోవచ్చు. మా చిన్నమ్మ పోయిన నెలలోనే ఈ ఉత్తర్వు వచ్చింది. రాసుకునే హక్కుంది సరే. అక్షరం రాని, ఆస్తి పేరున లేని, ఆపరేషన్ కాగితం మీద కూడా మొగుడే సంతకం పెట్టే ఆడవాళ్ళని ఆ కాగితం దాకా ఎవరు తీసుకెళ్తారు? అక్కడే తోడు మనిషి కావాలి.

చిన్నమ్మ ఇంట్లోనే పోయింది, తెల్లవారుజామున. కూతురు దూదితో పెదాల మీద చాయ అద్దింది. చిన్నబాపు పాదాలు పట్టుకుని కూచున్నాడు. ప్లాటు కూతురి పేరు మీద ఇంకా ఎక్కలేదు. అమ్మడం మాత్రం ఆగింది.

పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, చేతినిండా గాజులేసి, పూలతో నింపారు. ముత్తైదువ చావు, అదృష్టవంతురాలు అని వచ్చినవాళ్ళంతా అన్నారు. నలభై తొమ్మిదేళ్ళకి క్యాన్సర్‌తో పోయిన మనిషి అదృష్టవంతురాలు! అదే చిన్నబాపు ముందు పోయుంటే పదో రోజు ఆమె గాజులు పగలగొట్టేవాళ్ళు, ఆ చావుకి ఆమెనే కారణం చేసేవాళ్ళు. 2022 మేలో మహారాష్ట్రలో కొల్హాపూర్ జిల్లా హేర్వాడ్ గ్రామ పంచాయతీ, గాజులు పగలగొట్టడం, బొట్టు చెరపడం లాంటి తంతుల్ని మానేయాలని తీర్మానం చేసింది. మా మండలంలో అలాంటి తీర్మానం ఒకటి రావాలని నా కోరిక.

చావు తర్వాత ఇంట్లోవాళ్ళ పక్కన ఉండటం కూడా డౌలా పనే అన్నాను కదా. దినాలయ్యాక ఆ నర్సు మరోసారి వచ్చింది. చుట్టాల్లో కొందరు "కోడలు సరిగ చూసుకోలె, ఇంకొన్ని రోజులు బతికేది" అన్నారని తెలిసి, వసారాలో అందరి ముందూ కోడలి పక్కన కూచుని, ఏయే మందులు ఏ వేళకి ఆమె ఇచ్చిందో, ఒక్క పుండు పడకుండా ఎలా చూసుకుందో వరసగా చెప్పింది. ఎవరూ మాట్లాడలేదు. కోడలు తల పైకెత్తింది.

కేరళలో ఈ పని కొనుక్కునే సేవగా మొదలవలేదు. 1993లో కోజికోడ్‌లో డాక్టర్ ఎం.ఆర్. రాజగోపాల్, ఆయన సహచరులు పెయిన్ అండ్ పాలియేటివ్ కేర్ సొసైటీని మొదలుపెట్టారు. తర్వాతి ఏళ్ళలో ఇరుగుపొరుగువాళ్ళే శిక్షణ తీసుకుని వారానికి కొన్ని గంటలు రోగుల ఇళ్ళకి వెళ్ళే పద్ధతి అక్కడ వేళ్ళూనుకుంది. 2008లో ఆ రాష్ట్ర ప్రభుత్వం దానికి ఒక విధానం చేసింది. మనకీ ఊరూరా మహిళా సంఘాలున్నాయి, ఆశా కార్యకర్తలున్నారు. కానీ ఇది కూడా 'సేవ' పేరుతో ఆశాల నెత్తిన మరో జీతం లేని పనిగా పడితే నేను ఒప్పుకోను. జీతం ఉండాలి. అన్ని కులాలవాళ్ళూ చేయాలి. శిక్షణలో సగం మంది మగవాళ్ళుండాలి.

ఇంకొకటి మాత్రం ప్రభుత్వం కోసం ఆగక్కర్లేదు. మన ఇళ్ళల్లో జబ్బుపడ్డ అమ్మనో, అత్తనో, చిన్నమ్మనో నీకేం కావాలని అడగొచ్చు. వాళ్ళ గుడ్డలు మార్చే మనిషిని కూడా పిలిచి, నువ్వేమంటావని అడగొచ్చు. ఆ నోటుబుక్కు ఇప్పుడు చిన్నమ్మ కోడలి దగ్గరుంది. పోయిన నెల ఫోన్ చేసి, సంఘం మీటింగులో అందరికీ చదివి వినిపించానని చెప్పింది. ఇద్దరు ముసలమ్మలు తమవి కూడా రాయమన్నారట. ఒకామె చెప్పింది విని అందరూ నోళ్ళు మూసుకున్నారట. "నేను పోయేటప్పుడు నా కొడుకులు కొట్లాడుకోవద్దు, లోపలికి రానియ్యకుండ్రి" అందట. కోడలు అది కూడా రాసుకుంది.